పంతొమ్మిది పూతల బిడ్డ

హైమవతి పసిబిడ్డను చేతిలోకి తీసుకుంటే ముందుగా మొహం చూడదు, చెవి కొసలు చూస్తుంది. పుట్టిన కొత్తలో ఏ బిడ్డయినా ఎర్రగానే ఉంటుంది. తెల్లటి బిడ్డ పుట్టాడని ఇంటివాళ్లు ఫోన్లు చేసి మరీ చెప్పుకుంటారు. రెండు నెలలు గడిచాక గానీ అసలు రంగు తేలదు. రాబోయే ఆ రంగు మొదటిరోజే చెవి కొసల్లోనూ గోటి మొదళ్లలోనూ కనిపిస్తుంది. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ముప్ఫై ఏళ్లుగా బాలింతల ఇళ్లకు వెళ్లి, పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, ఆ కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టి నీళ్లు పోస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియకపోతేనే వింత.

"పిన్నీ, మా గుంటడు ఏ రంగొస్తాడంటావు?" అని బాలింత అడుగుతుంది.

"పెళ్లిసూపుల్లో ఆళ్ల నాన్న మొహం సూసినప్పుడే అడగాల్సింది ఆ మాట," అంటుంది హైమవతి, బిడ్డ చంకలో నీళ్లు పోస్తూ.

నీళ్లు పోసే పనిలో ఆమెకు ఒకే ఒక నియమం ఉంది. మొదటి నెల బిడ్డ ఒంటికి పసుపు తగలకూడదు. సున్నిపిండిలో చిటికెడు కలిపినా ఒప్పుకోదు. ముసలమ్మలు గొణుగుతారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మన ఇళ్లలో పసుపు లేకుండా పిల్లలకి నీళ్లెక్కడైనా పోశారా అని నిలదీస్తారు. "పసుపు రాస్తే నాను రాను. ఇంకెవర్నైనా పిలుసుకోండి," అంటుంది. కారణం అడిగితే చెప్పదు. చేతివాటం మంచిదని ఊరుకుంటారు.

ఆమెకిప్పుడు యాభై నాలుగేళ్లు. భర్త గణపతిరావు రైల్వే వర్క్‌షాపులో బోగీలకు రంగులు వేసే విభాగంలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. క్వార్టరు అప్పగించి సుభాష్‌పల్లిలో రెండు గదుల ఇంట్లోకి మారారు. ఒక్కడే కొడుకు, మోహనకృష్ణ. అతనికి పుట్టిన కొత్తలోనే వినికిడి పోయింది. ప్రేమ్ బజార్‌లో జిరాక్స్ తీసి పుస్తకాలు బైండు చేసే షాపులో పనిచేస్తాడు. ఇంజనీరింగ్ సంస్థలో చదివే పిల్లల లావుపాటి రిపోర్టులకు అతను అట్ట వేస్తే అంచు వెంట్రుకవాసి కూడా పక్కకు పోదు.

బొమ్మల పని మొదలవడానికి కారణం అతనే. ఏడేళ్ల కిందట ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో విదేశంలో ఒకామె, రబ్బరులా మెత్తగా ఉండే వినైల్ బొమ్మ తలకు రంగులు వేస్తోంది. చివరికి అది బొమ్మలా లేదు, అప్పుడే నిద్రపోయిన బిడ్డలా ఉంది. హైమవతి ఆ వీడియో పదకొండుసార్లు చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, అతనికి వినపడదు. కాబట్టి ఇద్దరూ ఫోను నోరు మూసేసి చేతులు మాత్రమే చూశారు. కుంచె ఎంత వాల్చింది, స్పంజితో ఎన్నిసార్లు అద్దింది, రంగులో ముంచాక గుడ్డకు ఎంత తుడిచింది, ఇవే లెక్కపెట్టుకున్నారు. పని నేర్చుకోవడానికి ఆ ఫోను మూగగా ఉండటమే మేలైంది. మాటలు అర్థమైనవాళ్లు మాటలే నేర్చుకుంటారు.

రంగు వెయ్యని తల, చేతులు, కాళ్లు విడివిడిగా పెట్టెలో తెప్పించుకుంది. గిన్నెలు తోమే సబ్బుతో జిడ్డు పోయేదాకా కడగాలి. కాలిస్తే గట్టిపడే రంగును నీళ్లకంటే కొంచెం చిక్కగా కలిపి, కుంచెతో పూసి, ఆరేలోపు మొహానికి పౌడరు అద్దుకునే స్పంజితో అద్దుతూ పోవాలి. కుంచె గీత ఒక్కటి మిగిలినా అది చర్మం కాదు, గోడ. తర్వాత చిన్న ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు. చల్లారాక ఇంకో పూత. ఒక్కో పూత ఉందా లేదా అన్నంత పల్చగా ఉంటుంది. మొదటి నాలుగు బొమ్మలు పాడైపోయాయి. అయిదోదాన్ని కొల్‌కతా నుంచి ఒకామె కొనుక్కుంది. అప్పటినుంచి ఏడాదికి పది పన్నెండు బొమ్మలు వెళ్లేవి. అడిగినవాళ్లందరూ తెల్లటి గులాబీ రంగు పిల్లలనే అడిగేవారు. ఆ రంగుల పాళ్లు వీడియోల్లో దొరికేవి. చూసి కలిపేది.

గణపతిరావుకు ఈ పని అంటే చిన్నచూపు.

"పదిహేను కోట్లేటే! బోగీకే అన్నెయ్యం. అడుగున ప్రైమరు, మద్దిన అండర్‌కోటు, పైన ఫినిషింగు. ఐపోనాది. నీది పెయింటేటి, దోమలకి మందు కొట్టినట్టున్నాది."

"మీ బోగీకి సిగ్గేస్తే బుగ్గలు ఎర్రబడతాయేటి?" అంటుంది ఆమె. "నా పిల్లకి పడాలి. అందుకే అన్ని."

"నీ పిల్లకి ఏడుపు కూడా నేర్పు మరి."

అతన్ని ఊరుకోబెట్టడానికి ఆమె దగ్గర ఎప్పుడూ ఒక మందుంది. గోడకు చేరేసి ఉన్న అతని సైకిలు వైపు ఒక్కసారి చూస్తుంది. అది పూర్వం ఎర్ర సైకిలు. రిటైరైన వారంలో, ముప్ఫై రెండేళ్ల అనుభవంతో, దానికి తనే నీలం రంగు వేసుకున్నాడు. వంకాయ రంగు వచ్చింది. సుభాష్‌పల్లిలో అందరూ దాన్ని వంకాయ సైకిలనే అంటారు.

*

నిరుడు వానాకాలంలో రష్మిత వచ్చింది. కరీంనగర్ పిల్ల, ఇంజనీరింగ్ సంస్థలో పరిశోధన చేస్తోంది. మోహనకృష్ణ షాపులో కాయితాలు ఎగరకుండా వాటి మీద ఒక పసిబిడ్డ చెయ్యి బరువుగా పెట్టి ఉండగా చూసి ఆ పిల్ల కెవ్వుమన్నంత పని చేసింది. అది హైమవతి రంగు వేసి ఇసుక నింపి ఇచ్చిన బొమ్మ చెయ్యి. ఎవరు చేశారని సైగ చేస్తే మోహనకృష్ణ కాయితం మీద "మా అమ్మ" అని రాసి ఇంటి దారి గీసిచ్చాడు.

"నేనైతే మస్తు భయపడ్డ ఆంటీ," అంది రష్మిత వరండాలో కూర్చుని. "మళ్ల దగ్గరికి పోయి చూస్తే గోర్ల కొసలకి తెల్లగ కూడ ఉంది."

"మా ఓడికి బుద్ది లేదమ్మా. ఇద్దరు ముగ్గురు అలగే బెదిరిపోనారట."

రష్మిత సంచిలోంచి ఒక బొమ్మను తీసింది. పూర్తి ఒళ్లున్న బొమ్మ. అచ్చు తనే తయారుచేసింది. రెండున్నర కిలోల బరువు, ఎత్తుకుంటే మెడ నిజం బిడ్డకు వాలినట్టే వాలుతుంది. ఊళ్లో నర్సులకు శిక్షణనిచ్చే ఒక కేంద్రం కోసం. అక్కడి పిల్లలు రేపు ఇళ్లకు వెళ్లి బాలింతలనూ బిడ్డలనూ చూస్తారు. పచ్చకామెర్లున్న బిడ్డను కంటితో గుర్తుపట్టడం ఈ బొమ్మ మీద నేర్చుకోవాలి. అన్నీ కుదిరాయి గానీ ఒంటి రంగు కుదరలేదు. స్ప్రే కొట్టించింది. బొమ్మ చాక్లెట్‌తో పోత పోసినట్టు ఉంది.

"మన పిల్లల రంగు కావాలె ఆంటీ. రెండు బొమ్మలు. ఒకటి మంచిగున్న పాప, ఒకటి కామెర్లున్న పాప. బయట దొరికేవన్నీ పింక్ బొమ్మలే."

కామెర్లు అన్న మాట వినగానే హైమవతి బొమ్మను ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు దాని మొహం వంకే చూసింది.

"సేస్తాను," అంది.

గోధుమరంగు బిడ్డకు పాళ్లు ఏ వీడియోలోనూ లేవు. ఉన్నవాటిలో గులాబీ బిడ్డ మీదే గోధుమరంగు పులిమారు, అది బురదలా కనిపించింది. హైమవతి వీడియోలు కట్టేసింది. అప్పట్లో న్యూ సెటిల్‌మెంట్‌లో స్వాతి అనే అమ్మాయి బిడ్డకు రోజూ నీళ్లు పోస్తోంది. ఒళ్లు తుడిచాక వెంటనే పొత్తిళ్లలో చుట్టకుండా ఒక్క నిమిషం కిటికీ దగ్గర పట్టుకుని చూసేది. అరచెయ్యి లేతగా, వేళ్ల కణుపులు ముదురుగా. పెదవి అంచు చుట్టూ సన్నటి నీడ. కణతల దగ్గర నరం నీలం కాదు, ఆకుపచ్చకు దగ్గర. ఇంటికొచ్చి మిగిలిన వినైల్ ముక్కల మీద వేసి చూసేది. పదిహేను పూతలకు ఆరోగ్యమైన బిడ్డ తయారైంది. నడుము కింద, పిరుదుల పైన బిడ్డ అరచెయ్యంత నీలి మచ్చ కూడా వేసింది.

రష్మిత అది చూసి కంగారుపడింది. "ఇదేంది ఆంటీ, దెబ్బ తగిలినట్టు?"

"మన పిల్లల్లో శానామందికి ఉంటాది. నడిసే వయసుకి పోతాది. నీకూ ఉండే ఉంటాది, మీ అమ్మనడుగు."

రష్మిత అక్కడే ఫోను చేసి అడిగింది. ఉండేదట.

రెండో బొమ్మకు కూడా అదే పదిహేను పూతలు వేసి, దాని మీద పసుపు రంగును పల్చగా కలిపి మొహానికీ ఛాతీకీ రెండు పూతలు వేసింది. పచ్చగా వచ్చింది. కామెర్ల బిడ్డ అయిపోయిందనుకుంది.

*

శిక్షణ కేంద్రంలో పెద్ద నర్సు రాధారాణి. పసిబిడ్డల వార్డుల్లో ముప్ఫై ఏళ్లు తిరిగిన మనిషి. మెల్లగా మాట్లాడుతుంది. ఆమెకూ హైమవతికీ మధ్య నడిచేది సగం బెంగాలీ, సగం హిందీ. మొదటి బొమ్మను రాధారాణి తలా మెడా పట్టి ఎత్తుకుని, వెనక్కి తిప్పి, నీలి మచ్చ చూసి నవ్వింది. "ఇంత పనితనం ఎక్కడ నేర్చుకున్నావు, హైమా దీ?" అంది.

రెండోదాన్ని చూసి నవ్వలేదు. బల్ల మీది దూది తడిపి బొమ్మ నుదుటి మీద రుద్దింది. రంగు కాల్చింది గనక పోలేదు. దూది వైపు చూసి, తన పనికి తనే తల ఊపుకుంది.

"నా చెయ్యే మోసపోయింది, చూడు. ఇది హల్దీ పూసిన బిడ్డ, దీదీ. కామెర్లున్న బిడ్డ కాదు. కడిగితే పోతుందనిపిస్తోంది. మా పిల్లలకు ఇది చూపిస్తే, హల్దీని చూసి జబ్బంటారు, జబ్బును చూసి హల్దీ అంటారు. అప్పుడు ఏమవుతుందో నీకు తెలుసా?"

హైమవతి బొమ్మను మళ్లీ పొత్తిళ్లలో చుట్టింది.

బల్ల మీద విదేశీ బొమ్మల పుస్తకం తెరిచి ఉంది. అందులో అన్నీ గులాబీ పిల్లలు. కొత్త బ్యాచ్ వచ్చేనెల మొదలవుతుందని రాధారాణి చెప్పింది. "అవి మన పిల్లల్లా ఉండవు. కానీ తప్పు నేర్పవు. మూడు వారాలు చూస్తాను. కుదిరితే నీ బొమ్మలు. లేకపోతే ఇవే."

రిక్షాలో రష్మిత ఏదో ధైర్యం చెబుతూనే ఉంది. హైమవతికి ఏదీ వినపడలేదు. ఏమవుతుందో ఆమెకు తెలుసు.

మోహనకృష్ణ పుట్టిన నాలుగో రోజు మొహం పచ్చగా కనిపించింది. రోజూ పసుపు కలిపిన పిండితో నలుగు పెడుతున్నారు గనక అది పసుపే అంది అత్తగారు. హైమవతి కూడా అదే అనుకుంది. ఇరవై మూడేళ్లు, మొదటి కాన్పు. చూడ్డానికి వచ్చిన వాళ్లతో, పసుపు ఎక్కువైందని తనే నవ్వుతూ చెప్పింది కూడా. తొమ్మిదో రోజు బిడ్డ పాలు మానేసి, ఒళ్లు విల్లులా వెనక్కి వంచేశాడు. ఆస్పత్రికి పరుగెత్తారు. ప్రాణం దక్కింది. వినికిడి దక్కలేదు. పసుపు జబ్బు తేలేదు, జబ్బును కప్పింది. అంతే. ఆ అంతే అన్న మాటను ఆమె ముప్ఫై ఒక్కేళ్లుగా మోస్తోంది. ఇవాళ మళ్లీ తన చేత్తోనే, జబ్బు వెయ్యబోయి పసుపు వేసింది.

*

ఇంటికి వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నపు ఎండ పెరట్లో నిండుగా ఉంది. గణపతిరావు పేపరు దించి చూశాడు.

"ఏటే, మొహం అలగెట్టినావు? నీ పిల్ల ఫెయిలైపోనాదేటి?"

"ఐపోనాది."

"నాను ముందే సెప్పినాను. రంగంటే సిక్కగా ఒక్క దెబ్బకి పడాల. నువ్వు నీళ్లు సల్లినట్టు..."

మామూలుగా అయితే ఇక్కడ ఆమె సైకిలు వైపు చూస్తుంది, అతను ఊరుకుంటాడు. ఇవాళా చూసింది. కానీ చూపు తిప్పుకోలేదు. ఎండలో సైకిలు చట్రం మీద నీలం పైనే ఉంది. ఆ నీలం లోపలినుంచి ఎరుపు వస్తోంది. పైన ఎక్కడా ఎరుపు లేదు.

"ఆ సైకిలికి నీలం ఎన్ని కోట్లేసినారు?"

"ఇప్పుడా గొడవెందుకే."

"సెప్పండి. ఎటకారం కాదు."

"రెండు. డబ్బాలో అంతే మిగిలినాది. సాలదని పల్చన సేసే థిన్నరు కొంచెం ఎక్కువ కలిపినాను."

"కింద ఎరుపు గీకలేదు కదా?"

"గీకితే వంకాయెందుకౌతాదే?" అని విసుక్కున్నాడు.

"అదే ఎరుపు నీలం మీద పల్చగా ఏసుంటే?"

గణపతిరావు సైకిలు వంక చూశాడు. పని మాట వచ్చేసరికి గొంతులో విసుగు తగ్గింది. "అప్పుడు వంకాయ రాదు. స్టేషను గోడ మీద పాన్ ఉమ్మినట్టుంటాది. పైనేసింది మరక. కిందున్నది రంగు. పైకోటు పల్చనైతే కింద రంగు బైటికొచ్చేస్తాది. మా షాపులో అది తప్పు."

"నాకదే కావాల," అంది హైమవతి, లేచి లోపలికి వెళ్తూ.

అతను కాసేపు పేపరు పట్టుకునే కూర్చున్నాడు. తర్వాత తనూ లోపలికి వెళ్లాడు.

కామెర్ల బిడ్డకు జబ్బు ముందు రావాలి, చర్మం తర్వాత రావాలి. చెప్పడానికి ఒక్క ముక్క. చెయ్యడానికి పదహారు రోజులు పట్టింది. రష్మిత కొత్తగా పోసి తెచ్చిన ఉత్త వినైల్ మీద ముందు పచ్చదనం నాలుగు పూతలు. తలకు నిండుగా, ఛాతీకి కొంచెం తక్కువగా, బొడ్డు దగ్గరికొచ్చేసరికి చెదిరిపోయేలా. కామెర్లు తల నుంచి కిందికి దిగుతాయి. కాళ్లకు అసలు వెయ్యలేదు. వాటి మీద మామూలు పదిహేను పూతలు. మొదటి తల మీద గోధుమరంగు ఎక్కువైంది, జబ్బు మాయమైంది. రెండో తల మీద తక్కువైంది, బిడ్డ మామిడిపండులా తయారైంది. పనికిరాని చేతులు, కాళ్లు ముక్కలుగా కోసి, వాటి మీద పాళ్లు మార్చి మార్చి వేసి, వెనక నంబర్లు రాసి కిటికీ చువ్వలకు కట్టింది. గణపతిరావు వచ్చి కళ్లద్దాలు పైకి తోసుకుని ఒక్కోటీ చూసేవాడు.

"ఏడో నంబరు బాగున్నాది. తొమ్మిది సచ్చిపోనాది. ఏడుకీ ఎనిమిదికీ మద్దిన కొట్టు," అనేవాడు. అతను మధ్యన కొట్టమన్న చోటే కుదిరింది. ముప్ఫై రెండేళ్ల కన్ను ఊరికే పోదు.

"సూసినావా? వంకాయ సైకిలని నవ్వినారు అందరూను."

"ఇంకా వంకాయే. రంగు మారలేదు," అంది హైమవతి, కుంచె తుడుచుకుంటూ.

మూడో తల పూర్తయిన రోజు ఆదివారం. మోహనకృష్ణ ఇంట్లోనే ఉన్నాడు. తలను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలితో నుదుటి మీద ఒకసారి రాశాడు, రాధారాణి దూదితో రాసినట్టే. తర్వాత జేబులోని చిన్న పుస్తకం తీసి రాసి చూపించాడు.

"నేను ఇలాగే ఉన్నానా?"

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు గానీ ముప్ఫై ఒక్కేళ్లలో ఎవరూ ఎత్తలేదు. హైమవతి కుంచె కింద పెట్టింది. తల ఊపింది.

అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. మొహంలో బాధేమీ లేదు, పని చూసే శ్రద్ధ ఉంది. అట్ట అంచు సరిగ్గా ఉందో లేదో చూసేటప్పుడూ అలాగే చూస్తాడు. మళ్లీ రాశాడు.

"కళ్లు తెల్లగా ఉన్నాయి. అప్పుడు తెల్లగా ఉన్నాయా?"

హైమవతి ఉలిక్కిపడింది. తెల్లగా లేవు. తొమ్మిదో రోజు ఆస్పత్రిలో డాక్టరు ముందుగా చూసింది కనురెప్ప ఎత్తే. కంటికి ఎవరూ పసుపు రాయరు. అక్కడ పచ్చగా ఉంటే అది జబ్బే. రంగంతా ఒంటి మీదే ఆలోచిస్తూ, ఏ పసుపూ కప్పలేని చోటును ఆమె వదిలేసింది.

గాజు కళ్లు ఊడదీసి తెల్లగుడ్డుకు పచ్చదనం ఇచ్చింది. నోరు కొద్దిగా తెరిచిన అచ్చు కనక, వేలితో పెదవి పైకెత్తితే కనిపించే చిగుళ్లకు కూడా ఇచ్చింది. అది ఎవరూ అడగలేదు. పూతలన్నీ లెక్కపెడితే పంతొమ్మిది. ఆఖరి పూత కాలుతున్నప్పుడు ముగ్గురూ ఓవెన్ చుట్టూ నిలబడ్డారు. మోహనకృష్ణ తల్లి భుజం మీద తట్టి, తన చెవి కొసను వేలితో తాకి, బొమ్మ చెవిని చూపించి, రెండు చేతులతో ఒకటే అన్నట్టు సైగ చేశాడు. చెవి కొసల్లో అతని రంగే వచ్చింది.

*

గడువుకు రెండు రోజుల ముందే శిక్షణ కేంద్రానికి వెళ్లారు. కొత్తగా చేరబోయే పిల్లలు పన్నెండు మంది గోడ పక్కన నిలబడ్డారు. రాధారాణి ఎవరికీ ఏమీ చెప్పలేదు. బల్ల మీద మూడు బొమ్మలు పడుకోబెట్టింది. ఒకటి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ. ఒకటి ఫెయిలైన పసుపు బిడ్డ, దాన్నెందుకు పెట్టిందో హైమవతికి అర్థం కాలేదు. మూడోది పంతొమ్మిది పూతల బిడ్డ.

"ఇవి మూడు ఇళ్లలో ముగ్గురు పిల్లలు," అంది రాధారాణి. "ఎవర్ని ఆస్పత్రికి పంపిస్తారు? ఒక్కొక్కరూ వచ్చి చూడండి."

గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతోంది. మొదటి పిల్ల పసుపు బిడ్డ దగ్గర ఆగింది. రెండో పిల్లా అంతే. అయిదుగురు దాన్నే చూపించారు. ఇద్దరు అందరూ బాగానే ఉన్నారన్నారు. రష్మిత హైమవతి చెయ్యి పట్టుకుంది. రాధారాణి మొహంలో ఏమీ లేదు. బల్ల చివర విదేశీ బొమ్మల పుస్తకం అలాగే ఉంది.

ఎనిమిదో పిల్ల పొట్టిగా, బెరుగ్గా ఉంది. మిడ్నపూర్ వైపు పల్లెటూరి పిల్ల. మూడు బొమ్మలనూ చూసి వెళ్లిపోబోయి, మూడోదాని దగ్గరికి మళ్లీ వచ్చింది. దాన్ని ఎత్తుకుంది. మెడ వాలబోతే చెయ్యి అడ్డుపెట్టింది. ఎవరినీ అడగకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పగటి వెలుగులో కంటి గుడ్డు చూసింది. చిటికెన వేలితో పెదవి ఎత్తి చిగురు చూసింది. తర్వాత పొత్తిళ్లు విప్పి ఛాతీ, పొట్ట, చివరికి రెండు అరికాళ్లూ చూసింది.

"దీదీ," అంది అక్కడినుంచే. "ఈ బిడ్డకు హల్దీ రాయలేదు. లోపలినుంచి పచ్చగా ఉన్నాడు. ఇవాళే పంపించాలి. కాళ్లకు ఇంకా దిగలేదు."

రాధారాణి కిటికీ దగ్గరికి వెళ్లి బొమ్మను ఆ పిల్ల చేతిలోంచి తీసుకుంది. తనూ కన్ను చూసింది. తనూ పెదవి ఎత్తింది. చిగుళ్లు చూసి ఆగిపోయింది.

"ఇది నేను అడగలేదు," అంది హైమవతి వైపు తిరిగి.

"బిడ్డకి ఉంటాది కదా దీదీ."

రాధారాణి బొమ్మను కింద పెట్టలేదు. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని భుజానికి వేసుకునే, వీపు మీద మెల్లగా తడుతూనే ఉంది. తడుతున్నట్టు ఆమెకే తెలియలేదు. రష్మిత అది చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

రాధారాణి విదేశీ బొమ్మల పుస్తకం మూసేసి బీరువాలో పెట్టించింది. ఆరు జతలు కావాలంది. జత అంటే రెండు కాదు, మూడు. హల్దీ పూసిన బిడ్డ కూడా ఉండాలి. "అయిదుగురు దాన్ని చూసి మోసపోయారు. రేపు ఇళ్లలో కూడా మోసపోతారు. పక్కపక్కన పెట్టి నేర్పితే ఇక మోసపోరు. అది తప్పుడు బొమ్మని నేనన్నాను. కాదు. అదీ పాఠమే." తర్వాత పిల్లలకు రెండు ముక్కలు చెప్పమని హైమవతిని ముందుకు పిలిచింది.

హైమవతికి ఉపన్యాసాలు రావు. చీర కొంగు సర్దుకుని, ముప్ఫై ఒక్కేళ్లుగా న్యూ సెటిల్‌మెంట్‌లో ఎవరికీ చెప్పని కారణం, తెలిసిన హిందీలో నాలుగు మాటల్లో చెప్పేసింది. "నా కొడుక్కి కామెర్లొస్తే నేను పసుపనుకున్నాను. వాడికి వినపడదు. మొదటి నెల పసుపు రాయొద్దని తల్లులకు చెప్పండి. రాసేసి ఉంటే కడిగి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి. కన్ను చూడండి. ఈ పిల్ల చూసినట్టు చూడండి."

పొట్టి పిల్ల తల దించుకుంది, కానీ నవ్వుతోంది.

*

ఇంటికి వచ్చేసరికి గణపతిరావు వరండాలో చాప వేసుకుని జింకు రేకు ముక్కను చిన్న ఉలితో కోస్తున్నాడు. మోహనకృష్ణ పక్కన కూర్చుని రేకు కదలకుండా పట్టుకున్నాడు. పాసైన సంగతి రష్మిత ఫోనులో అతనికి ముందే మెసేజ్ చేసేసింది.

"ఏటది?" అంది హైమవతి.

"స్టెన్సిలు. బోగీకి రంగేసినాక చివర ఎక్కడేసినారో, ఏ తారీకున ఏసినారో కొడతాం. కొట్టకపోతే ఆ బోగీ బైటికెల్లదు. నీ పిల్లలు పేరు లేకుండా ఎల్తారేటి?"

రేకు ఎత్తి చూపించాడు. రెండు మిల్లీమీటర్ల అక్షరాలు. హైమ, ఖరగ్‌పూర్, కింద తారీకుకు ఖాళీ. అంచులు బ్లేడుతో కోసినట్టు శుభ్రంగా ఉన్నాయి. మోహనకృష్ణ, నమూనా కోసం ఆమె వెంట తెచ్చిన ఆరోగ్యమైన బిడ్డ బొమ్మను తీసి తిరగేసి, కాలు పట్టుకుని అరికాలు చూపించాడు. అక్కడ కొడితే బాగుంటుందని అతని సైగ. గణపతిరావు కూడా అదే చదునుగా ఉందన్నాడు.

హైమవతి బొమ్మ పాదాన్ని అరచేతిలోకి తీసుకుని కప్పేసింది.

"అక్కడొద్దు. పచ్చదనం అంతవరకు దిగిందో లేదో అక్కడే సూస్తారు," అంది. బొమ్మను బోర్లించి, నడుము కింద నీలి మచ్చ పక్కన వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ కొట్టండి. పల్చగా. ఒక్క కోటే."